రెండు తాళ్ళ దూరం

ఎవరిదో గోధుమ చేలో గుండ్రాలు పడ్డాయట, వెళ్ళి చూసి రమ్మని మా పై అధికారి చెప్పేసరికి నేను అప్పుడే భోజనం డబ్బా మూత తీశాను. గుండ్రాలేమిటండీ అంటే ఆయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. ఎవరో పైనుంచి తీసిన ఫొటో. పచ్చటి చేనుకి అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి ఏడు గుండ్రాలు, గిన్నె బోర్లించి గీసినట్టు ఉన్నాయి. గుండ్రాల లోపల పైరంతా నేలకి వాలిపోయింది, బయట మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఫొటో కింద 'వాళ్ళు వచ్చి వెళ్ళారు' అని రాసి ఉంది. వాళ్ళెవరో రాయలేదు.

ఇరవై ఆరేళ్ళుగా నేను మట్టి పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. పైరు పచ్చబడిందన్నా, ఎండిందన్నా, పురుగు పట్టిందన్నా నన్నే పంపిస్తారు. చుట్టుపక్కల నన్ను మట్టి మేడమ్ అంటారు. వెనకాల ఇంకేమంటారో కూడా నాకు తెలుసు, నోటి దురుసు మనిషినని. అబద్ధమేం కాదు. ఆకాశం నుంచి దిగేవాళ్ళు గోధుమ చేలో దిగడమెందుకు, మన ఆఫీసు ముందు దిగి ఆ గుంటల రోడ్డన్నా చూసి పోకూడదా అన్నాను. మా అధికారి నవ్వలేదు. ఇది పోలీసుల దాకా వెళ్ళిందన్నాడు.

సంగతేమిటంటే, ఆ పొలం ఒక పెద్దాయనది. పైనుంచి ఎవరో దిగారన్న మాట ఆయన ఒక్క క్షణం కూడా నమ్మలేదు. పక్కనుంచి వచ్చారన్నాడు. పక్క అంటే పక్క పొలం. ఆ పక్క పొలం సొంత తమ్ముడిదే. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. తనని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి తమ్ముడే చెక్కా తాడూ పట్టుకొచ్చి పైరు తొక్కించాడని పెద్దాయన ఫిర్యాదు రాసిచ్చాడు. అక్కడి ఎస్సై, ఇది మనుషులు చేసిన పనేనని వ్యవసాయ శాఖ వాళ్ళు రాసిస్తే కేసు కడతానన్నాడు. ఆ తమ్ముడు స్కూలు బస్సు నడుపుతాడు. కేసు ఉన్నవాణ్ణి పిల్లల బస్సు ఎక్కనివ్వరు. ఇంకో రెండేళ్ళు పనిచేస్తే చాలు, గౌరవంగా ఇంటికి వెళ్ళిపోవాల్సిన మనిషి. అంటే నేను రాయబోయే నాలుగు వాక్యాల మీద ఒక డ్రైవరు ఉద్యోగం ఉందన్నమాట. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి స్కూటరు తీశాను.

చేను దగ్గర పాతికమంది దాకా ఉన్నారు. గుండ్రాలు చూడ్డానికి వచ్చిన జనం తొక్కిన పైరే గుండ్రాల్లో పడిన పైరు కన్నా ఎక్కువ. ఒకాయన కళ్ళు మూసుకుని, చేతులు చాచి, మధ్య గుండ్రంలో నిలబడ్డాడు. అరికాళ్ళలోంచి ఏదో ఎక్కుతోందట. చీమలై ఉంటాయి చూసుకోమన్నాను. పెద్దాయన పక్కింటి దర్జీ ఆవిడ, మెళ్ళో టేపు తీయకుండానే వచ్చినట్టుంది, నన్ను చూడగానే పక్కకి లాగింది. మంగళవారం పొద్దున్నే ఆకాశంలో వెలుగు చూశానని, గుండ్రంగా తిరిగిందని, కావాలంటే రాసిస్తానని ఒకటే చెప్పడం. నేను అడక్కుండానే మూడుసార్లు చెప్పింది. ఇంత చదువుకున్న మొహం, ఇంత శుభ్రంగా కుట్టుకున్న జాకెట్టు, ఈవిడకేం పిచ్చి పట్టిందా అనుకున్నాను.

పెద్దాయన గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. కిందటి ఎండాకాలం గాదె నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగిందట. నాకు నమస్కారం కూడా పెట్టకుండా, గుండ్రాలు ఏడు, అన్నీ ఒకే కొలత, ఒకే వరస, వాడు తప్ప ఇంత నీటుగా ఎవడూ చెయ్యలేడు అన్నాడు. తమ్ముణ్ణి తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు.

ఈ ఇంట్లో కొలత అంటే ఏమిటో ఆయన నోటివెంటే విన్నాను. పొలాలు పంచుకున్నప్పుడు మధ్య గట్టు ఈయనే కొలిచి రాయి పాతాడు. నెల తిరక్కుండా తమ్ముడు సర్వేయర్ని పిలిపించి మళ్ళీ కొలిపించాడు. తేడా ఏమైనా వచ్చిందా అని అడిగాను. వెంట్రుకవాసి కూడా రాలేదట. మరి గొడవేమిటి అన్నాను. అదే గొడవ అన్నాడు పెద్దాయన. తేడా వచ్చి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణని, అన్న కొలత నమ్మని తమ్ముడితో తనకి మాటలేమిటని అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. జాలి ఎవరి మీదో అప్పటికి తెలియలేదు.

జనాన్ని గట్టు మీదకి పంపించి నా పని మొదలుపెట్టాను. మొదటి గుండ్రంలో కూర్చోగానే పావు వంతు తేలిపోయింది. చెక్కతో తొక్కితే కాడ ఎక్కడో ఒకచోట నలుగుతుంది, తెల్లటి గీత పడుతుంది. ఇక్కడ ఒక్క కాడా నలగలేదు. మొదట్లోంచి వంగి, అంతా తూర్పుకే పడింది. మంగళవారం పడమటి గాలీ వానా గట్టిగా కొట్టాయి. పడిన కాడలు అప్పుడే కణుపు దగ్గర మళ్ళీ పైకి తిరుగుతున్నాయి. ఇంకా చూస్తే, గుండ్రం లోపలి పైరు బయటిదాని కన్నా జానెడు పొడుగు. ఆకు వెడల్పు, రంగు నలుపు తిరిగిన పచ్చ. బలం ఎక్కువై ఏపుగా పెరిగిన పైరు తన బరువు తనే మొయ్యలేక పడిపోతుంది. నిలబడింది బక్కపైరు, పడింది బలిసిన పైరు.

మరి బలం గుండ్రంగా ఎందుకొచ్చింది? మట్టి తీసే గొట్టం నేలలోకి దింపి లోపల మట్టి, బయట మట్టి విడివిడిగా తీశాను. లోపలి మట్టి కలిపిన నీళ్ళలో ముంచిన నత్రజని పరీక్ష కాగితం చూస్తుండగానే ముదురు గులాబీ రంగుకి తిరిగింది. బయటిది తెల్లబోయి అలాగే ఉంది. ఏడింట్లోనూ అంతే. అడుగు లోతు తవ్వితే పేడపురుగులు చేసిన బొరియలు కనిపించాయి, సగం మాగిన గడ్డి పీచు చేతికి వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంత తేలిగ్గా తేలిన కేసు ఇంకోటి లేదు. ఎవరి మీదా నేరం పడని నిజం దొరికింది కదా అని లోపల సంబరపడిపోయాను కూడా.

చేతులు కడుక్కోవడానికి వాళ్ళింటికి వెళ్ళాం. చేను పక్కనే ఇల్లు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మంచం. గోడ మీద పెన్సిల్ గీతలు వరసగా ఉన్నాయి, ఏ నెలలో ఎంత వాన పడిందో. వంటగదికీ ఈ గదికీ మధ్య తలుపు లేదు, పొయ్యి దగ్గర నిలబడిన ఆయన భార్య ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఆవిడ నాకు తువ్వాలు తెచ్చిచ్చింది గానీ మొహం వైపు చూడలేదు. ఫిర్యాదు ఇవ్వద్దని వారం నుంచీ పోరుతోందని, ఈ ఆడవాళ్ళకి పరువంటే ఏమిటో తెలియదని పెద్దాయన అప్పటికే నాకు చెప్పి ఉన్నాడు.

బల్ల మీద రెండు రకాల మట్టీ పెట్టి చూపించాను. పైరుని ఎవరూ తొక్కలేదని, బలం ఎక్కువై గాలికి పడిందని, ఆ బలం పేడదీ మూత్రానిదీ అని చెప్పాను. కిందటి ఎండాకాలం కోత అయ్యాక, దుక్కి దున్నక ముందు, ఈ చేలో ఎవరో ఆవుని గుంజకి కట్టి మేపారు. తాడు ఎంత సాగితే అంత మేరా తిరిగింది, తిరిగినంత మేరా పేడ వేసింది. దున్నినా అంచులు కాస్త చెదిరాయి తప్ప పోలేదు. అంతే, ఇంకేం లేదన్నాను.

 పెద్దాయన నేను కొలిచిన కొలతలు అడిగాడు. గుండ్రం వెడల్పు పంతొమ్మిది మీటర్లూ ఒక జానెడు, ఏడూ అంతే అన్నాను. బల్ల మీద వేలితో ఏదో లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు.

"తాడు ఇరవై మూరలు," అన్నాడు చివరికి. "మా నాన్న పద్ధతి ఇది. గుంజ పీకి మళ్ళీ పాతేటప్పుడు రెండు తాళ్ళ దూరం పోవాలి, ఆవు మెడ సాగడానికి పైన రెండు మూరలు. గుండ్రానికి గుండ్రం ఆనాలి గానీ, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. మేసిన చోట మళ్ళీ మెయ్యకూడదు, గడ్డి పరక వదలకూడదు. ఈ లెక్క తెలిసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురే ఉన్నారు మేడమ్. నేను, మా ఇంటావిడ, వాడు. నాలుగేళ్ళయింది నేను ఆవుని అమ్మేసి."

 ఆయన మొహం చూస్తుండగానే ఎర్రబడింది.

"నేను కాలు విరిగి మంచాన పడి ఉంటే, నా చేలో వాడు ఆవుని మేపుకున్నాడు. అడగాలని కూడా అనిపించలేదు. చెక్కతో తొక్కించినా క్షమించేవాణ్ణేమో. రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంకొకడి పొలంలో జొరబడి పశువుని మేపడం నేరమా కాదా?"

నేరమే.  చెయ్యని తప్పు నుంచి ఆ డ్రైవర్ని బయటపడేశానని మురిసిపోతుంటే, చేసిన తప్పు ఒకటి తవ్వి తీసి ఆయన చేతిలో పెట్టినదాన్ని నేనే. నా నోటితో నాకు నేనే శత్రువుననుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ, ఇవాళ పరాయివాళ్ళకి కూడా అయ్యాను. అదే ఏ పద్ధతీ లేని ఇల్లయితే గుంజ ఎక్కడ పడితే అక్కడ పాతేవాళ్ళు, పైరు అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా పడిపోయేది, ఎవరి కంటికీ ఆనేది కాదు. ఇంటిల్లిపాదికీ కొలతల పిచ్చి కాబట్టి ఆకాశంలోంచి కూడా కనబడేలా దొరికిపోయారు. ఊరికే ఒక ఆవుని కట్టారని రాస్తాను, ఎవరిదో మట్టి చెప్పదు అని నసిగాను. ఆయన వినే స్థితిలో లేడు. స్టేషన్‌కి వెళ్ళడానికి చొక్కా తెమ్మని భార్యకి కేకేశాడు.

ఆవిడ చొక్కా తేలేదు. పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చుంది.

"ఆవుని కట్టమన్నది నేను," అంది.

ఆయన ఆవిడ వైపు తిరిగి చూశాడు.

"మీకు పూటకో గ్లాసు పాలు పడితేనే ఎముక అతుకుతుందన్నాడు డాక్టరు. పాల బండి మన వీధికి రాదు, మిమ్మల్ని ఒక్కరినీ వదిలి నేను కదలలేను. తోడికోడలు వచ్చి పాలు పోస్తానంది. ఊరికే అయితే వద్దన్నాను, మీ మాట తీసేసినట్టవుతుంది. మన చేలో గడ్డి ఎండిపోతోంది, ఆవుని అక్కడ కట్టుకోండి, గడ్డికి పాలు చెల్లు అన్నాను. మీ తమ్ముడు పొద్దున్నే బస్సు తియ్యక ముందు వచ్చి గుంజ పాతేవాడు. దూరం నేనే కొలిచేదాన్ని."

"పాల కేంద్రం నుంచి తెప్పిస్తున్నానన్నావు," అన్నాడాయన.

"అన్నాను. దర్జీ ఆవిడ గోడ మీంచి అందించేది. వీధి మొత్తానికి తెలుసు."

వెలుగు గుండ్రంగా తిరిగిందని ఆ దర్జీ ఆవిడ నన్ను ఎందుకంత పట్టుకుందో అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఆవిడకి పిచ్చీ లేదు పాడూ లేదు. ఇంకో నాలుగు అబద్ధాలు చెప్పమన్నా చెప్పేది.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి విరిగిన తొడ మీద పడింది. ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనని నేను ఒట్టేసుకున్న సంగతి నీకు తెలుసు కదా అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"తెలుసు. మంచినీళ్ళు ముట్టనివ్వలేదుగా," అంది ఆవిడ. నవ్వులాటకి అనలేదు, తొమ్మిది నెలలుగా తనకి తాను చెప్పుకున్న సమాధానం అది. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మీకు చెప్పి ఉండాల్సింది. చెప్తే తాగరు. తాగకపోతే లేవరు. నాకు మీరు లేవడమే కావాలనిపించింది."

నేను మట్టి సంచుల ముడి వేస్తూ, విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య పరాయి మనిషి ఉండకూడని సమయం అది, అయినా లేవలేదు.

"వాడికి తెలుసా?" అని అడిగాడు పెద్దాయన. "పాలు తాగుతున్నది నేనని?"

"మీ కోసమే పోశాడు. దున్నేశాక కట్టడానికి గడ్డి లేదు, ఇంక చాలన్నాను నేను. అన్నయ్య కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చేదాకా పోస్తూనే ఉంటానన్నాడు. మీరు మొదటిరోజు వీధిలోకి వెళ్ళినప్పుడు బస్సు ఆపుకుని మూలన నిలబడి చూశాడట."

ఆయన కర్ర అందుకుని లేచాడు. మేడమ్, మీ బండి మీద నన్ను కాస్త అక్కడ దింపుతారా అన్నాడు. ఎక్కడో చెప్పలేదు. స్టేషనుకేనేమోనని ఆవిడ నా వైపు భయంగా చూసింది. నాకూ ధైర్యం లేదు. ఏమైతే అదవుతుందని స్కూటరు తీశాను. విరిగిన కాలు ఒక పక్కకి వేలాడేసి, కర్ర భుజాన వేసుకుని వెనకాల కూర్చున్నాడు. వీధి చివర ఎడమకి తిరిగితే స్టేషను. కుడికి అన్నాడు.

తమ్ముడు ఇంటి ముందు బస్సు కడుగుతున్నాడు. పిల్లల్ని దింపేసి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో రబ్బరు గొట్టం పట్టుకుని ఉన్నాడు. అన్న మొహమే ఆయనకీ ఉంది, పదేళ్ళు తక్కువ, పది కిలోలు ఎక్కువ. అన్ననీ, వెనక ప్రభుత్వం బోర్డున్న నా స్కూటర్నీ చూసేసరికి రంగు పోయింది. పెద్దాయన ఇంకా కాలు పూర్తిగా దింపకుండానే ఆయన మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, ఆ గుండ్రాలు చూసినరోజే నాకు అర్థమైంది. ఆవుని కట్టింది నేనే. ఎవరినీ అడగలేదు, నాకు నేనే కట్టుకున్నాను. కేసు పెట్టుకో, సంతకం పెట్టమంటే పెడతాను. ఇందులో వదినకి మాత్రం ఏ సంబంధం లేదు, ఆవిడకి తెలియను కూడా తెలియదు."

గొట్టంలోంచి నీళ్ళు ఆయన కాళ్ళ మీదే పోతున్నాయి, చూసుకోవడం లేదు. రెండేళ్ళ ఉద్యోగం, జీవితమంతా మిగుల్చుకున్న మంచి పేరు అన్నీ తీసి అన్న ముందు పెట్టేశాడు, వదిన చెప్పిన ఒక్క అబద్ధం బయటపడకుండా ఉండటానికి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోటి దురుసు మనుషులకి కూడా తిరుగుతాయి.

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళుగా మాట్లాడని మనిషితో ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకి తెలియడం లేదు.

"కాలు ఇంకా పూర్తిగా అతకలేదురా," అన్నాడు. "ఇంకొన్నాళ్ళు పాలు పోస్తే బాగుంటుంది."

తమ్ముడు గొట్టం కింద పడేశాడు. 

"ఆవు చూడితో ఉందన్నయ్యా. వట్టిపోయింది. ఈనడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది."

"తొమ్మిదేళ్ళున్నాను," అన్నాడు పెద్దాయన. "రెండు నెలలు ఉండలేనా."

అని, కాలు నొప్పి పెడుతున్నట్టుంది, తడిగా ఉందని కూడా చూడకుండా బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. తమ్ముడు వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చి, ఆ మెట్టు మీదే పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.